ముద్ర పడని రాయి

దేవరకొండకు బదిలీ అయి మూడో వారం.
సంచిలో ఉలి, సుత్తె, సీసం బిళ్లలు,
మఖమల్ గుంతల్లో నిద్రపోతున్న సర్కారు గుండ్లు.
ఖిలా నీడ ఇంకా పాత బజారు మీంచి లేవలేదు.
చాయ్ బండి బక్కయ్య గ్లాసు కడుగుతూ
నా బూట్ల వంక చూశాడు
అంతే,
నేను మలుపు తిరిగేలోగా
సగం తక్కెళ్లు గోనెసంచుల్లో దూరాయి.

ఇక్కడి అరుగు బండలకు
కూర్చున్న చోటల్లా గుంత పడింది.
ఎవరి గుంత వాళ్లది. బోర్డులుండవు.
పుల్లమ్మ పోయి ఇరవై ఏళ్లయినా అది పుల్లమ్మ జాగనే,
అక్కడిప్పుడు ఆమె కోడలి చెల్లెలు
పచ్చి పల్లికాయ కుప్పపోసి, ఒడిలో పిల్లకు పాలిస్తోంది.

తండాల జీపు ఆగింది.
గంపల్లో సీతాఫలాలు, కన్ను విచ్చినవి పైన,
రేపటివి గడ్డి కింద.
జాల్మీబాయి తూచదు, లెక్కపెట్టదు.
"ఇంట్ల ఎంతమంది?" అని అడిగి
ఆ జవాబుకు సరిపడా ఇస్తుంది.
"ఒక్కణ్నే" అన్నాను.
రెండు పెట్టి, ఒకసారి మొహం చూసి,
మూడోది పెట్టింది.

ఎండుచేపల వాసన అడ్డగోడలా నిలబడి ఉంది.
దానికవతల ఛోటేమియా మటన్ కొట్టు.
కిలోకు నలభై గ్రాములు తక్కువ.
పుస్తకం తెరిచాను.
వరుసలో ఉన్న ముసలాయన నా భుజం తట్టాడు.
"గా నలభై మాకెరుకే సారూ,
వాళ్ల నాయిన కాడ గూడ గంతే.
అందుకే నాలుగు రూపాలు తగ్గించిస్తం,
ఒక బొక్క ఎక్కువ గుంజుకుంటం.
మీరు సక్కజేస్తె
మేం లెక్క మల్ల మొదటికెల్లి నేర్సుకోవాలె."
ఛోటేమియా నవ్వలేదు.
"జుర్మానా ఎంత సాబ్?" అన్నాడు, కత్తి తుడుస్తూ.
రాశాను. రాయాలి కదా.
రసీదు మీద నెత్తుటి వేలిముద్ర.

చివరి బండ మీద ఈదమ్మ.
పుంటికూర కట్టలు, ముళ్లవంకాయలు,
సుతిలి తక్కెడకు ఒక పళ్లెం సొట్ట,
అర్ధకిలో గుండు బదులు ఒక నల్లరాయి.
"ఖిలా గోడది. మా అత్త తెచ్చింది" అంది
దాన్ని దాచే ప్రయత్నమేమీ చేయకుండా.
నా త్రాసులో పెట్టాను.
ఐదు వందల గుండు గాల్లోకి లేచింది.
యాభై వేశాను. పది. రెండు.
అప్పుడు ముల్లు నిలబడింది.

"అవ్వా, రోజూ నష్టపోతున్నవు."
"ఎరుకే.
గీ రాయిని జూసే నా కాడికొస్తరు.
నీ గుండు బెట్టుకుంటె
నేనెవరు, పక్కదెవరు?
ధర అర్ధరూపాయి ఎక్కువే జెప్త, సూస్కో."

మా ఫారంలో రెండే గళ్లు: సరి, తక్కువ.
ఎక్కువకు గడి గీయలేదెవ్వరూ.
ముద్ర లేని రాయిని జప్తు చేయాలి.
చేతిలో పట్టుకున్నాను కాసేపు.
నూనె పెట్టిన తలలా నున్నగా ఉంది,
ఒకవైపు మాత్రం వేళ్లు పట్టే చోటు లోతుగా.
"బేరముంటె జెప్పు, లేకుంటె జరుగు,
ఎనక జనమున్నరు."

రాయి తిరిగిచ్చి, అర్ధకిలో వంకాయలు కొన్నాను
ఆ రాయితోనే.

రాత్రి గదిలో, కిరసనాయిలు స్టవ్ పక్కన,
ఎందుకో త్రాసు బిగించి తూచాను.
ఐదు వందల ముప్పై ఒకటి.
మళ్లీ తూచాను.
ముప్పై ఒక్క గ్రాములు ఎటు పోయాయా అని ఆలోచిస్తే
సొట్ట పళ్లెం అంచు మీద
ఆమె బొటనవేలు గుర్తొచ్చింది.

మూడు వారాల మనిషికి అంతే రేటు కాబోలు.
నవ్వుకుంటూ పుస్తకం మూయబోతే
ఛోటేమియా రసీదు నకలు
పై కాగితానికి అంటుకుపోయి ఊడిరాలేదు.

ఎల్లుండి ముందు అటే పోవాలి.
పావుకిలో అడగాలి. బొక్క కూడా అడగాలి.
ఈదమ్మ దగ్గర
అర్ధరూపాయి బేరమాడాలి.